కాగజ్‌నగర్, శక్కర్‌నగర్, సనత్‌నగర్

ఊళ్ళ పేర్లు మార్చాలన్న మాట లేచినప్పుడల్లా నాకు మూడు పేర్లు గుర్తొస్తాయి. హైదరాబాదు భాగ్యనగరం కావాలట. నిజామాబాదు ఇందూరు కావాలట. మహబూబ్‌నగర్‌ని పాలమూరు అనాలట. ఇందూరు, పాలమూరు మా నోళ్ళలోనూ నలిగిన పేర్లే, వాటితో మాకు తగువు లేదు. తగువంతా ఆ డిమాండు వెనకున్న లెక్కతో. ఉర్దూ పేరు కనిపిస్తే చాలు, అది ఏ నవాబుదో, ఏ షాజాదాదో అయివుంటుందని, జనం వీపు మీద వేసిన వాత అని తేల్చెయ్యడం. సరే, ఆ లెక్కన కాగజ్‌నగర్ ఎవరి పేరు? శక్కర్ అనే నిజాం ఎవరైనా ఉన్నాడా? సనత్ అనేది ఏ బేగం పేరు?

కాగజ్ అంటే కాయితం. శక్కర్ అంటే చక్కెర. సనత్ అంటే పరిశ్రమ. మూడూ పని పేర్లే. అడవి అంచున సిర్పూరు పేపరు మిల్లు లేచింది కాబట్టి ఆ ఊరు కాగజ్‌నగర్. బోధన్ పక్కన చెరుకు ఆడే ఫ్యాక్టరీ వచ్చింది కాబట్టి శక్కర్‌నగర్. హైదరాబాదు అంచున కార్ఖానాల కోసం వేరుచేసిన జాగా సనత్‌నగర్. (తెలుగులో కాయితం ఉర్దూ దారినే వచ్చింది. శక్కర్ మాత్రం మన శర్కరే పారశీకం దాకా పోయి తిరిగొచ్చింది. ఏ మాట ఎవరి సొత్తో పంచాలంటే తక్కెడ పట్టుకున్నవాడే ముందు అలిసిపోతాడు.) రాజుల పేర్లున్న ఊళ్ళు లెక్కలేనన్ని. దేవుళ్ళ పేర్లున్నవి అంతకంటే ఎక్కువ. చెమటోడ్చి తయారుచేసిన సరుకు పేరు పెట్టుకున్న ఊళ్ళు చాలా తక్కువ. ఉన్న కాసిన్నీ మా భాషలో ఉన్నాయి.

ఈ సంగతి మాకు మాత్రం గుర్తుందా? లేదు. మా గురించి ఇతరులు గీసిన బొమ్మలు రెండు. ఒకటి నవాబు: షేర్వానీ, పాన్‌దాన్, ముషాయిరా, బిర్యానీ. రెండోది పాతబస్తీ సందులో చాకు పట్టుకున్నవాడు. మేం కూడా మొదటి బొమ్మను చూసుకొని మురుస్తాం, రెండోదాన్ని చూసి జవాబులు చెప్పుకుంటూ తిరుగుతాం. ఈ రెంటి మధ్య టిఫిన్ డబ్బా చంకన పెట్టుకొని, సైరన్ కూతకు గేటు దాటి లోపలికి పోయిన మనిషి ఒకడున్నాడు. జీతం చాలక అదే గేటు బయట కూర్చున్న మనిషి. అతన్ని మా వాళ్ళూ రాయలేదు, ఎర్రజెండా వాళ్ళూ రాయలేదు. మావాళ్ళకు అతను నవాబు కాడు. ఎర్రజెండా చరిత్రలో అతను కార్మికుడే తప్ప ముస్లిం కాడు.

ఈ కార్ఖానాలు ఎట్లా వచ్చాయో ముందు చెప్పుకోవాలి. 1929లో నిజాం ప్రభుత్వం కోటి రూపాయల మూలధనంతో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టింది. 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు. 1937లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ. 1938లో సిర్పూర్ పేపర్ కంపెనీ పుట్టి, 1942కల్లా కాయితం బయటికొచ్చింది. అదే 1942లో అల్లావుద్దీన్ కంపెనీతో కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్. 1943లో ప్రాగా టూల్స్. అంతకు ముందు నుంచే వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్లున్నాయి. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. ఇది చదివి కొందరు మావాళ్ళు, చూశారా మా ఆలా హజ్రత్ ఎంత చేశాడో అని ఛాతీ విరుస్తారు. నాకు ఆ సంబరం లేదు. ఆ కోటి రూపాయలు పల్లెల్లో వెట్టి చేసిన మాల, మాదిగ, గొల్ల, సాయిబు రైతుకూలీల రెక్కల మీంచి దేశ్‌ముఖులు, జాగీర్దార్లు పిండుకోగా ఖజానాకు చేరిన సొమ్ము. పాలకుడు దయతో ఫ్యాక్టరీ కట్టడు. కాకపోతే, ఎవడు కట్టించినా ఫ్యాక్టరీలోకి పోయేది కూలివాడే. ఒకసారి లోపలికి పోయాక వాడు పాత మనిషిగా బయటికి రాడు.

అప్పటి రాజకీయాన్ని కూడా చూడండి. ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 'అనల్ మలిక్' అన్న సిద్ధాంతం చెప్పింది. రాజ్యం నిజాం ఒక్కడిది కాదు, ముస్లిం కౌమ్‌ది, ప్రతి ముస్లిమూ రాజే అని. ఏ ముస్లిం? టాంగా తోలేవాడా? సిగరెట్టు డబ్బాలు మోసేవాడా? ఉర్దూలో రాజుకు మలిక్ అంటారు, యజమానికి మాలిక్ అంటారు. ఒక్క దీర్ఘమే తేడా. ముస్లిం కూలివాడికి మలిక్ బిరుదిచ్చారు, మాలిక్ మాత్రం ఎప్పుడూ వేరేవాడే. ఆ బిరుదుకు వెల 1948 సెప్టెంబరులో ఎవరు కట్టారో అందరికీ తెలుసు. మేడల్లో ఉన్నవాళ్ళలో చాలామంది కరాచీ దారి చూసుకున్నారు. మరాఠ్వాడాలో, బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్ పల్లెల్లో చచ్చింది బీదసాయిబులు. కనీసం 27,000 నుంచి 40,000 మంది అని సుందర్‌లాల్ బృందం లెక్క కట్టింది. ఆ నివేదిక 2013 దాకా జనం కళ్ళబడలేదు.

మలిక్ అనే మాటకు జవాబు చెప్పినవాడు కూడా ఆ నేల మీదే ఉన్నాడు. మఖ్దూం మొహియుద్దీన్. మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టినవాడు, చిన్నప్పుడు మసీదు ఊడ్చినవాడు. సిటీ కాలేజీ పంతులు ఉద్యోగం వదిలేసి మజ్దూర్ల మధ్యకు పోయాడు. 1946లో ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడితే మఖ్దూం అధ్యక్షుడు, రాజ్ బహదూర్ గౌర్ ఉపాధ్యక్షుడు. గౌర్ ఉర్దూలోనే చదివి, ఉర్దూలోనే ఉపన్యాసమిచ్చిన హిందువు. రైల్వే వర్క్‌షాపుల్లో, సిగరెట్ ఫ్యాక్టరీలో, మిల్లుల్లో ఆ ఇద్దరి గొంతుతో యూనియన్లు నిలబడ్డాయి. ఆ యూనియన్ల భాష ఉర్దూ. తెలుగువాడు, మరాఠీవాడు, కన్నడిగుడు, తమిళ రైల్వేవాడు కలిసి అరవగల భాష అదొక్కటే.

ఇవాళ్టికీ తెలుగు కార్మికుడి నోట ఆ భాష ఎంత మిగిలిందో గమనించండి. కార్ఖానా, హాజరు, బకాయి, బేకారు, బర్తరఫ్, రాజీనామా, దరఖాస్తు, మంజూరు, తనిఖీ, జిందాబాద్. సమ్మె అన్నది అచ్చ తెలుగు మాటే గానీ సమ్మెలో అరిచేది మాత్రం ఇంక్విలాబ్ జిందాబాద్. 1921లో ఆ నినాదం ఇచ్చినవాడు మౌలానా హస్రత్ మోహానీ అని చరిత్రకారులు చెబుతారు. ఉర్దూ పేర్లు తుడిచెయ్యాలనేవాళ్ళ అనుబంధ యూనియన్లు సమ్మె చేసేటప్పుడు గేటు ముందు ఏమని అరవాలో నాకు అర్థం కాదు.

1948 తరవాత మా జనానికి ఏం జరిగిందో పాతబస్తీలో ముసలివాళ్ళను అడిగితే చెబుతారు. నిజాం సైన్యం పోయింది, పోలీసు నౌకర్లు పోయాయి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, వాటిని నమ్ముకున్న గుమాస్తాలు, కాపలాదార్లు, వంటవాళ్ళు రోడ్డున పడ్డారు. జాగీర్లు పోవాల్సినవే, పోయినందుకు ఏడ్చేవాళ్ళతో నేను గొంతు కలపను. కానీ జాగీర్దారుకు పరిహారం ముట్టింది, వాడి గుర్రానికి దాణా పెట్టినవాడికి ఏమీ ముట్టలేదు. 1956లో రాష్ట్రం మారింది. దఫ్తర్ల భాష మారింది, ఉర్దూ చదివిన చదువు చదువు కాకుండా పోయింది. అప్పుడు మిగిలిన దార్లు రెండే. ఒకటి రిక్షా. 1978లో నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీ మీద అత్యాచారం జరిగినప్పుడు, అడిగినందుకు దెబ్బలు తిని చచ్చిపోయిన ఆమె భర్త రిక్షా తొక్కేవాడే. రెండో దారి చేతిపని: బస్సు డిపో, వర్క్‌షాపు, ఫ్యాక్టరీ. ఇందులో చదువు సర్టిఫికెట్టు కంటే చెయ్యి మాట్లాడుతుంది. లేత్ మిషను ముందు నీ భాషేంటని ఎవడూ అడగడు.

మా మామూ ఒకరు అట్లాగే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్ అయ్యారు. ఫ్యాక్టరీ పేరెందుకు, మూతపడ్డవన్నీ ఇంచుమించు ఒకే తీరున మూతపడ్డాయి. ఖలాసీగా చేరి, పదేళ్ళకు ఫిట్టరయ్యాడు. శుక్రవారం నమాజుకు అరగంట పోయొస్తే అతని మిషను పక్కవాడు చూసేవాడు. పక్కవాడు బోనాలకు పోతే అతని మిషను మామూ చూసేవాడు. దీన్ని గంగా జమునా తెహజీబ్ అని ఎవరూ అనలేదు, షిఫ్టు సర్దుబాటు అన్నారు.

ఒకసారి బోనస్ సమ్మె నడుస్తుండగా రంజాన్ వచ్చిందట. గేటు దగ్గర టెంటు కింద ఇఫ్తారుకు తెచ్చిన మిర్చి బజ్జీలు, ఖర్జూరాలు యూనియన్ ఖర్చులో రాశారు. సమ్మె అయిపోయాక జనరల్ బాడీలో దాని మీద గొడవ. మతం ఖర్చు యూనియన్ ఎందుకు భరించాలని ఒకాయన లేచాడు. దసరాకు మిషన్లకు పూజ చేసి కొట్టిన గుమ్మడికాయలు ఏ పద్దులో పడ్డాయో చెప్పమని మామూ అడిగాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదట. తరవాత రెండూ 'ఇతర ఖర్చులు' అన్న పద్దు కింద వేసి తీర్మానం పాస్ చేశారు. ఈ కథ మామూ నవ్వుతూ చెప్పేవాడు. నాకు మాత్రం ఇందులో నవ్వు సగమే. పూజ అందరిదీ అన్నట్టు, నమాజు ఒకడిదే అన్నట్టు ఆ షెడ్డులోనూ నడిచింది. కానీ అక్కడ లేచి అడగడానికి చోటుంది, అడిగితే జవాబు వెతికారు. ఇవాళ ఏ చోట లేచి అడుగుతాం?

ఇంతకూ వాళ్ళు అడిగిన జీతం ఎంత? ఇది మన రచయితలు పట్టించుకోని విషయం. రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులకు జీవన వేతనం దక్కేలా రాజ్యం ప్రయత్నించాలంటుంది. 1948లో వేసిన వేతన కమిటీ మూడు మెట్లు కట్టింది: ప్రాణం నిలిపే కనీస వేతనం, దాని పైన న్యాయమైన వేతనం, అన్నిటికీ పైన మనిషిలా బతికే జీవన వేతనం. కనీసం ఎంతో 1957లో పదిహేనో భారత కార్మిక మహాసభ లెక్క తేల్చింది. పనిచేసేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు కలిపి మూడు యూనిట్లు. యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి. మనిషికి 18 గజాల చొప్పున ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట. ఇంటి అద్దె. వంటచెరుకు, దీపం, ఇతరాలకు మొత్తంలో 20 శాతం. (ఒక బురఖాకే ఎన్ని గజాలు పోతాయో ఆ పెద్దలు అడిగి తెలుసుకున్నారో లేదో.) వీటన్నిటికంటే గొప్ప మాట ఇంకొకటి అందులో ఉంది. లెక్క వేసేటప్పుడు ఆడవాళ్ళ, పిల్లల సంపాదన కలపకూడదు. ఒక్కడి జీతం మీద నలుగురు బతకాలి. ఆడవాళ్ళను పనిచేసేవాళ్ళుగా గుర్తించని లోపం ఇందులో ఉంది. అయినా పిల్లవాడి చెయ్యి పడితే తప్ప అన్నం ఉడకని ఇల్లు ఉండకూడదన్న ఆలోచన కూడా ఇందులోనే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

లెక్క తేల్చిన ప్రభుత్వమే తన ఉద్యోగులకు దాన్ని ఇవ్వలేదు. రెండో వేతన సంఘం ఆ కొలమానాన్ని ఒప్పుకోలేదు. 1960 జూలైలో కేంద్ర ఉద్యోగులు అయిదు రోజులు సమ్మె చేశారు. 1968 సెప్టెంబరు 19న మళ్ళీ ఒక రోజు. 1974 మే 8న రైళ్ళు ఆగాయి. దాదాపు 17 లక్షల మంది, ఇరవై రోజులు. లాలాగూడ వర్క్‌షాపు, కాజీపేట ఆ సమ్మెలో ఉన్నవే. దేశమంతటా వేలమందిని జైళ్ళలో పెట్టారు, రైల్వే క్వార్టర్లలోంచి పెళ్ళాం బిడ్డలను సామాన్లతో సహా బయటికి నెట్టారు. ఓడిపోయిన సమ్మె అంటారు దాన్ని. ఏడాది తిరిగిన కొద్దిరోజులకే ఎమర్జెన్సీ వచ్చింది. కానీ బోనస్ అనేది రైల్వేవాడి హక్కని ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒప్పుకోక తప్పలేదు. రెండు కేలరీలు, నాలుగు గజాలు సంపాదించడానికి కూడా గేటు మూసి కూర్చోవాల్సి వచ్చిందన్నమాట.

1991లో సుప్రీంకోర్టు రప్తకోస్ బ్రెట్ కేసులో ఒక మంచి తీర్పు ఇచ్చింది. 1957 నాటి లెక్కకు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్ళిళ్ళ కోసం మరో 25 శాతం కలపాలని. అదే 1991లో కొత్త ఆర్థిక విధానం వచ్చింది. జీతం ఎట్లా లెక్కగట్టాలో న్యాయస్థానం పూర్తిగా నేర్పిన ఏడాదే జీతమిచ్చే ఫ్యాక్టరీకి తాళం వెతకడం మొదలైంది.

తాళం వెయ్యడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఫ్యాక్టరీకి జబ్బు చేసిందంటారు. 1985లో దానికో చట్టం, 1987 నుంచి దానికో బోర్డు. మిషన్లు కొనరు, ముడిసరుకుకు డబ్బివ్వరు. జబ్బు ముదురుతుంది. తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణ అంటారు. జీతం నెలల తరబడి ఆపి, విరమిస్తే మొత్తం ఒకేసారి ఇస్తామంటే ఎవడి ఇచ్ఛ స్వచ్ఛంగా ఉంటుంది? 1990ల చివర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థలను అమ్మడానికి, మూయడానికి ప్రపంచ బ్యాంకు అప్పు, విరమణ డబ్బులకు బ్రిటన్ సహాయ నిధి తోడయ్యాయి. ఆల్విన్ బస్సులకు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. 1990ల మొదట్లో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ పాలయింది, మిగిలింది ముక్కలైంది. ఆజంజాహి మిల్లును 1974లో జాతీయ జౌళి సంస్థ తీసుకుంది, 2002లో మూసింది. మిల్లు జాగా ప్లాట్లయింది. మిల్లు కార్మికులు మాత్రం అదే జాగాలో ఇంటి స్థలం కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. పని పోయిన వరంగల్లు పద్మశాలీలు సూరత్, భివండీ, షోలాపూర్ పట్టారు. అక్కడ మర మగ్గం మీద పక్కన కూర్చున్నది మోమిన్ సాయిబు. వాళ్ళను వెనక్కి తెస్తామని 2017లో వరంగల్లు దగ్గర కాకతీయ టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు.

బోధన్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలో పెద్దదన్నారు. వేల ఎకరాల సొంత చెరుకు తోటలుండేవి. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో తాళం పడింది. శక్కర్‌నగర్‌లో శక్కర్ లేదు, నగర్ మిగిలింది. కాగజ్‌నగర్ మిల్లు 2014లో ఆగి, కార్మికులు నాలుగేళ్ళు ఎదురుచూశాక 2018లో జేకే పేపర్ చేతిలో మళ్ళీ తెరుచుకుంది. మూడు పేర్లలో ఒక్కదానికి పేరు నిలిచింది.

మూతపడ్డప్పుడు పద్మశాలీ, మాదిగ, ముస్లిం అందరూ కలిసే రోడ్డున పడ్డారు. మా దుఃఖం ప్రత్యేకమని నేననను. రోడ్డున పడ్డ తర్వాత కథే వేరు. కులవృత్తి నుంచి వచ్చినవాడు దానికి తిరిగిపోగలిగితే పోయాడు, అదీ కూలిందే అనుకోండి. ఊళ్ళో ఎకరమో అరెకరమో ఉన్నవాడు ఊరికి పోయాడు. పట్నం సాయిబుకు తిరిగిపోవడానికి ఊరు లేదు. మామూ విరమణ డబ్బు ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళకు, ఒక సెకండ్ హ్యాండ్ ఆటోకు పోయింది. కొడుకు రియాద్ పోయాడు. పాతబస్తీలో, నిజామాబాద్‌లో, కరీంనగర్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా ఈ కథే కాస్త మార్పుతో వినిపిస్తుంది.

ఇక్కడే గేటు సంగతి చెప్పాలి. సమ్మె చెయ్యడానికి అన్నిటికంటే ముందు కావలసింది గేటు. లోపల సరుకు ఆగాలి, బయట మనుషులు కూర్చోవాలి, మాలిక్ కారు ఆ గేటులోంచే పోవాలి. ఆటోవాడికి గేటేది? తన ఆటో తను ఆపితే ఆ పూట పస్తులే. రియాద్‌లో పనివాడి రాకపోకలు ఏళ్ళ తరబడి కఫీల్ చేతిలో ఉండేవి, ఆ దేశంలో సమ్మె నేరం. నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డిలో బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూడండి, పద్మశాలీ అయినా ముస్లిం అయినా. చేటలో తునికాకు, తంబాకు పెట్టుకొని ఎవరింట్లో వాళ్ళు కూర్చుంటారు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. బాగాలేవని తీసి పక్కన పడేసినవాటికి కూలి లేదు. వెయ్యి పూర్తి కావాలంటే బడి నుంచి వచ్చిన పిల్ల ఆకు కత్తిరించాలి, అత్త దారం చుట్టాలి. 1957లో ఆడవాళ్ళ, పిల్లల సంపాదన కలపకూడదన్నారే, ఇక్కడ అది కలిపితే తప్ప ఒక్క మనిషి కూలి కూడా రాదు. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి వచ్చింది, తెలంగాణ వచ్చాక పింఛనూ వచ్చింది. బీడీ కార్మికురాలికి జీవన వేతనం రాకపోగా జీవన భృతి వచ్చింది. వేతనం కోసం పోరాడొచ్చు. భృతికి మాత్రం దరఖాస్తు పెట్టుకోవాలి.

నా దృష్టిలో మా అస్తిత్వానికి జరిగిన పెద్ద దెబ్బ ఇదే. ముస్లింలలో సొంతంగా, ఇంటి దగ్గర పనిచేసుకునేవాళ్ళ వాటా మిగతావాళ్ళ కంటే ఎక్కువని, నెల జీతం ఉద్యోగాల్లో తక్కువని 2006లో సచార్ కమిటీ చెప్పింది. దాన్ని పేదరికం లెక్కగానే చదివాం. అది గేటు పోయిన లెక్క కూడా. గేటు ఉన్నప్పుడు పక్కవాడితో కలిసి అందరి జీతం అడిగాం. గేటు పోయాక మైనారిటీగా మా వాటా మేం అడుగుతున్నాం. అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. కానీ మొదటి దాంట్లో పక్కవాడు మనతో నిలబడ్డాడు, రెండో దాంట్లో మన ఎదురుగా నిలబడుతున్నాడు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు డిపోల ముందు మళ్ళీ ఆ పాత దృశ్యం కనిపించింది. 166 మందితో మొదలైన సంస్థలో అప్పటికి 48 వేల పైచిలుకు ఉద్యోగులు. టెంట్ల కింద డ్రైవర్ రెడ్డి, కండక్టరమ్మ, మెకానిక్ ఖాన్ ఒకే చాప మీద. టీవీ వాళ్ళకు ఆ చాప మీద మతం కనిపించలేదు, అందుకే కాబోలు చర్చలు పెట్టలేదు.

2007లో బీసీ-ఇ కింద 14 ముస్లిం సమూహాలకు నాలుగు శాతం రిజర్వేషను ఇచ్చారు. ఆ జాబితా చదివితే మా చేతుల చరిత్ర అంతా కనిపిస్తుంది: అత్తరు సాయిబులు, ధోబీలు, హజాములు, ఖురేషీలు, రాళ్ళు కొట్టే తురక కాశలు, గారడీ సాయిబులు, ఫకీర్లు. అష్రాఫ్ పెద్దలు దాచిపెట్టిన మా కులాలు, మా పనులు ఒక సర్కారు కాయితం మీద బయటపడ్డాయి, అదొక గెలుపు. అయితే ఆ జాబితాలో ఫిట్టర్ లేడు, మిల్లు నేతగాడు లేడు, బాయిలర్ ముందు నిలబడ్డవాడు లేడు. ఉండడు కూడా. ఆ పని పుట్టుకతో రాలేదు, తండ్రి నుంచి రాలేదు, నేర్చుకుంటే వచ్చింది. మా బతుకులో కులం పేరు కాని పని పేరు దక్కిన చోటు అదొక్కటే. అందుకే దాని ఆనవాలు ఏ జాబితాలోనూ మిగల్లేదు.

వామపక్ష మిత్రులకూ ఒక మాట. మీరు మఖ్దూం పేరు ఆఫీసు మీద రాసుకున్నారు, బందగీ పేరు పాటల్లో పాడారు. కానీ మేం ముస్లింలుగా ఏదన్నా అడిగినప్పుడల్లా ఆ రెండు పేర్లు చూపించి నోరు మూయించారు. యూనియన్ పుస్తకంలో మతం గడి ఉండదని గర్వపడ్డారు. గర్వపడాల్సిన మాటే. కాకపోతే ఆ గడి లేకపోవడం వల్లే 1990 డిసెంబరు అల్లర్లలో మీ సభ్యుల్లో ఎవడి ఇల్లు కాలిందో మీ పుస్తకంలో దొరకదు. మా ముస్లిం నాయకులకు చెప్పేదీ ఉంది. మీ ఉపన్యాసాల్లో నిజాం కట్టిన ఆస్పత్రి, నిజాం కట్టిన కాలేజీ, నిజాం కట్టిన చెరువు. ఆ ఆస్పత్రి గోడ ఎక్కిన మేస్త్రీ ఏమైనట్టు? ఫ్యాక్టరీలు వరసగా మూతపడుతుంటే ఏ గేటు ముందుకు వచ్చి కూర్చున్నారు మీరు?

మామూకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆ మధ్య కొత్త కార్డు కోసం ఒక కౌంటరుకు తీసుకుపోయాను. ఫారంలో వృత్తి అన్న గడి ఉంది. ఫిట్టర్ అని రాయమన్నాడు మామూ. కంప్యూటర్ ముందున్న కుర్రాడు మర్యాదగానే అడిగాడు, 'కంపెనీ ఉందా చాచా?' లేదన్నాడు మామూ. 'పింఛన్ వస్తదా?' రాదన్నాడు. కుర్రాడు స్క్రీన్ మీద ఉన్న మాటల్లో కిందికీ పైకీ వెతికి, ఒక దాని మీద నొక్కి, కాయితం తీసి ఇచ్చాడు. కూలీ అని ఉంది. మామూ దాన్ని చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.